పెదబయలులో ప్లేబ్యాక్ లేని డాన్సు

పాఠక మిత్రులకు ముందుగా ఓ చిన్న ప్రశ్న. పోయిన నెలలో మీరెన్ని సినిమాలు చూశారు? రెండా, మూడా? సరే, ఎన్ని పాటలకి ఈల వేశారు? లెక్కలేదంటారు. బాగుంది. ఇక అసలు ప్రశ్న. అదే నెలలో మీరెన్నిసార్లు పాడారు? ఎన్నిసార్లు ఆడారు? పోనీ, కాగితమ్మీద ఓ పిచ్చి బొమ్మయినా గీశారా?

చాలామంది ఇక్కడ నీళ్ళు నములుతారని నాకు తెలుసు.

2023 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో "నాటు నాటు" పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా ఎగిరి గంతేశాం. కీరవాణి గారి బాణీ, చంద్రబోస్ గారి మాట, ప్రేమ్ రక్షిత్ గారి స్టెప్పు. 2021లో ఉక్రెయిన్ దేశం వెళ్ళి, కీవ్ నగరంలోని మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు ఆ పాటని. ఇద్దరు హీరోల కాళ్ళు ఒక్క మనిషి కాళ్ళలా పడేదాకా వాళ్ళు పడ్డ కష్టం తెరమీద కనిపిస్తూనే ఉంది. సినిమా డాన్సంటే అంత పని ఉంటుంది, కాదనను. కాని అలాంటి డాన్సు చూసి చూసి మనలో చాలామందికి ఓ జబ్బు పట్టుకుంది. "అంత బాగా రానప్పుడు మనమెందుకు ఆడాలి?" అనే జబ్బు. గొంతు బాగున్నవాళ్ళే పాడాలి, నడుం తిరిగేవాళ్ళే ఆడాలి, మిగతావాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని కూర్చోవాలి... అంతే!

ఈ జబ్బుకి మందు తూర్పు కనుమల్లో, పెదబయలు అనే ఊళ్ళో ఉందంటే నవ్వకండి. నేను చూసొచ్చాను. ఒక్కణ్ణే కాదు, రోగిని కూడా వెంటబెట్టుకుని మరీ వెళ్ళొచ్చాను.

పెళ్ళి డాన్సు కుర్రాడు

రోగి అన్నది మా పిన్ని కొడుకుని. వాడికి ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పట్నుంచీ వాడి ఒంట్లో ఎముకల బదులు స్ప్రింగులున్నాయని మా ఇంట్లో అనేవారు. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులో వాడు కనబడకపోతే బ్యాండుమేళం వాళ్ళే "ఏడండీ ఆ కుర్రాడు?" అని అడిగేవారు.

డిగ్రీ అయ్యాక గ్రూపు డాన్సరవుదామని హైదరాబాదు వెళ్ళాడు. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది. రెండేళ్ళు తిరిగాడు. ఓ చోట ఒకాయన వాడి డాన్సు అరనిమిషం చూసి, "ఇది పెళ్ళి డాన్సు బాబూ, సినిమాకి పనికిరాదు" అన్నాడట. ఆయన తన పని తను చేశాడు. కాని మా వాడికి ఆ మాట ఎక్కడో లోపల తగిలింది.

పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. వస్తూనే ఆట మానేశాడు. మా మేనమామ కూతురి పెళ్ళిలో బ్యాండు మోగుతుంటే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకున్నాడు. బ్యాండు వాళ్ళే ఆశ్చర్యపోయారు. పిన్ని నన్ను పక్కకి పిలిచి, "తిండి తింటున్నాడు గాని నిద్రపోవడంలేదురా. వాడు నవ్వి నాలుగు నెలలయింది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు నేను చూడలేకపోయాను.

నాకో స్నేహితుడు పెదబయలులో ఉద్యోగం చేస్తున్నాడు. చైత్రమాసంలో పండగకి రమ్మని ఎన్నాళ్ళుగానో పిలుస్తున్నాడు. "వాణ్ణి నాలుగు రోజులు నాతో పంపు పిన్నీ" అన్నాను. వాడు రానన్నాడు. అలాగని గట్టిగా కాదనే ఓపిక కూడా లేక బస్సెక్కాడు.

కొండ మీదికి

విశాఖపట్నంలో బస్సెక్కితే చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. మాడుగులలో హల్వా కొనకుండా ముందుకి పోకూడదని ఉత్తరాంధ్రలో ఓ అలిఖిత శాసనం. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పు వేసి కాచే ఆ హల్వాకి నూరేళ్ళు దాటిన పేరు. నేను పావుకిలో కొని మా వాడికిచ్చాను. ఓ ముక్క నోట్లో వేసుకుని, మిగతాది నాకే తిరిగిచ్చేశాడు. మాడుగుల హల్వా వద్దన్నవాణ్ణి నేను అదే మొదటిసారి చూడడం!

మాడుగుల దాటాక ఘాటీ మొదలు. మలుపు మీద మలుపు. కింద ఏప్రిల్ ఎండ నిప్పులు కక్కుతుంటే పైకి పోయేకొద్దీ కిటికీలోంచి చల్లగాలి. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాకి అదే కేంద్రం. అల్లూరి పేరు వినగానే మన పాఠకులకి కృష్ణగారు గుర్తొస్తారు. ఆయన నూరో చిత్రం "అల్లూరి సీతారామరాజు" 1974లో వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం అదే. చాలా భాగం ఈ మన్యంలోనే, చింతపల్లి ప్రాంతంలో తీశారు. చిత్రం నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు గారు కన్నుమూశారు. ఆ సినిమాలో పాటకి శ్రీశ్రీ గారికి జాతీయ అవార్డు వచ్చింది. ఇవన్నీ దారిపొడుగునా మా వాడికి చెబుతూనే ఉన్నాను. "ఊఁ" అంటున్నాడు. సినిమా ఊసెత్తితే రాత్రంతా నిద్రపోనివ్వని మనిషి, "ఊఁ" అంటున్నాడు!

పాడేరులో మోదకొండమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని జీపెక్కాం. రోడ్డుకి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. వేసవి జల్లు పడిందేమో, కాఫీ మొక్కలు తెల్లగా పూశాయి. ఆ పూల వాసన మల్లెపూలకి చుట్టం. ఈ కాఫీకి 2019లో "అరకు వ్యాలీ అరబికా" పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

"బయలు" అంటే తెలుసుగా, ఆరుబయలు. కొండల మధ్య పెద్ద బయలు కాబట్టి పెదబయలు అయివుంటుందని నా ఊహ. మన జానపదుల ఆటల్లో బయలాట అని ఒకటి ఉంది. తెరా తలుపూ లేకుండా ఆరుబయట ఆడేది. ఆ ఊళ్ళో అడుగుపెట్టక ముందే నాకా మాట ఎందుకు గుర్తొచ్చిందో తరువాత అర్థమైంది.

వెదురు అడ్డం పెట్టిన ఆడవాళ్ళు

ఊరింకా కొంత దూరముందనగా జీపాగింది. రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు. దాని వెనకాల పదిహేను మంది ఆడవాళ్ళు. పాట పాడుతున్నారు, నవ్వుతున్నారు, అడుగేస్తున్నారు. ఒకావిడ ముక్కుకి మూడు పోగులు, ఇంకొకావిడ కొప్పులో ఇంత పూలగుత్తి. డ్రైవరు ఇంజనాపి, హాయిగా వెనక్కి వాలాడు.

"పండగ బాబూ, పండగ! ఇచ్చి ఎల్లండి!"

ఇది మన్యంలో ఇటుకల పండుగ ముచ్చట. చైత్రంలో వస్తుంది. విత్తనాలకి పూజ చేసి వ్యవసాయానికి సిద్ధమయ్యే పండుగ. ఆ రోజుల్లో మగవాళ్ళు గుంపుగా వేటకి వెళ్ళేవారు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్ళ వెక్కిరింతలకి అంతుండేది కాదట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. "వేట తగ్గింది గాని వెక్కిరింత తగ్గలేదు" అని తరువాత మా స్నేహితుడు నవ్వుతూ చెప్పాడు. మగవాళ్ళు అటు అడవికి పోతే ఆడవాళ్ళు ఇటు రోడ్డుమీద దారికాచి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ మామూలు వసూలు చేస్తారు. ఇవ్వనంటే పాటలోనే తిట్టు కలుపుతారు!

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఇంతలో ఒకావిడ వెనక సీట్లో ముడుచుకు కూర్చున్న మా వాణ్ణి చూసింది.

"ఏటి బావూ, ఆ కుర్రోడికి ఏటైంది? ఒంట్లో బాగోలేదా?"

"ఒంట్లో బాగానే ఉందమ్మా, మనసులో..." అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి తోటివాళ్ళకి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అందరూ ఘొల్లుమన్నారు. "డబ్బులొద్దు బాబూ, ఆ కుర్రోణ్ణి ఒక్కసారి నవ్వమను, వదిలేస్తాం" అంది.

మా వాడు నవ్వలేదు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చివరికి నేను యాభై రూపాయలు సమర్పించుకుని గండం గట్టెక్కించాను. వెదురు పైకి లేచింది. కాని ఆవిడ మాత్రం వేలు చూపించి, "రేత్తిరికి ఊళ్ళోకి వస్తావుగా, సూద్దాం!" అంది. దొంగకి పోలీసు చెప్పినట్టు చెప్పింది!

తీర్పరులు లేని ఆట

ఆ రాత్రి వెన్నెల బాగుంది. ఊరి మధ్య బయల్లో తుడుము మోగింది. దానికి డప్పు తోడైంది, కిరిడి అందుకుంది, మోరి ఊదేవాడు చెంపలు బూరెల్లా పొంగించాడు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఒకరి వీపు వెనకనుంచి ఇంకొకరు చేతులు పెనవేసి గొలుసు కట్టారు. ఇదే థింసా.

అరకు వెళ్ళినవాళ్ళు థింసా అంటే ఒకటే ఆటనుకుంటారు. కాదు, అందులో చాలా రకాలున్నాయి. ఊరి దేవతకి మొక్కుగా ఆడేది బోడ థింసా. ఇందులో వరసకి ముందున్న మనిషి నెమలిపింఛాల కట్ట పట్టుకుని దారి తీస్తే మిగతావాళ్ళు పాములా మెలికలు తిరుగుతారు. గుండేరి థింసాలో మగవాడు పాట పాడి ఆడవాళ్ళని ఆటకి పిలుస్తాడు. పోతర్ తోల థింసా అడవిలో ఆకులు కోసే పనిని ఆటగా మార్చింది. బాగ్ థింసా పులి మీదపడితే తప్పించుకోవడం. కుండ థింసాలో తాళానికి తగ్గట్టు ఊగుతూ ఒకర్నొకరు భుజాలతో నెట్టుకోవడమే!

గమనించారా? ఆకు కొయ్యడం పని. పులి రావడం ప్రాణభయం. ఒకర్నొకరు నెట్టుకోవడం చిన్నపిల్లల అల్లరి. పనినీ భయాన్నీ అల్లరినీ ఒకే గొలుసులో పెట్టి ఆడేస్తున్నారు. దీనికి కథ, మాటలు, నృత్య దర్శకత్వం ఎవరని టైటిల్స్‌లో వెతికితే దొరకదు.

మేం ఒక అరుగు మీద కూర్చుని చూస్తున్నాం. గొలుసు తిరుగుతూ తిరుగుతూ మా ముందుకొచ్చింది. చూద్దును కదా, ఆ రోడ్డుమీది ఆవిడే! ఒక్క చేత్తో మా వాడి మణికట్టు పట్టుకుని లాగేసింది. వద్దు వద్దంటూనే గొలుసులో పడ్డాడు. వాడికి అటు పక్కన ఆవిడ, ఇటు పక్కన అరవై దాటిన ఓ అవ్వ.

ఇక్కడే తమాషా జరిగింది. మా వాడు ఎంతయినా డాన్సరు కదా. దిగాక ఊరుకోలేకపోయాడు. కిందకి చూసుకుంటూ, లెక్కపెట్టుకుంటూ, కృష్ణానగర్లో నేర్చుకున్న స్టెప్పొకటి కలిపాడు. అంతే! గొలుసు అక్కడ పుటుక్కుమంది. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు. తుడుము కొట్టేవాడు చెయ్యాపాడు. బయలంతా నవ్వు.

నా గుండె జారిపోయింది. అయిపోయింది, వీడింక గదిలోంచి బయటికి రాడు అనుకున్నాను. కాని ఆ నవ్వేవాళ్ళని చూస్తే ఒక్కరి ముఖంలోనూ ఎగతాళి లేదు. పక్కన ఇంకో పిల్ల కాలు మెలిక పడినప్పుడూ అలాగే నవ్వారు, అవ్వ పైట జారినప్పుడూ అలాగే నవ్వారు. అవ్వ మా వాడి చెయ్యి మళ్ళీ తన వీపు వెనకాల పెట్టుకుని ఒకే ఒక్క మాటంది.

"కాలు సూడకు నాయనా. పక్కనోళ్ళ సెయ్యి వదలకు. కాలు దానికదే వస్తాది."

తుడుము మళ్ళీ మోగింది. ఈసారి వాడు కిందకి చూడలేదు. పది నిమిషాల తరువాత గొలుసులో వాడెక్కడున్నాడో నేను వెతుక్కోవలసి వచ్చింది. ఆ తరువాత భుజాలతో నెట్టుకునే ఆట వచ్చింది. అవ్వ తన సన్నటి భుజంతో ఒక్క తోపు తోసింది. మా ఆరడుగుల డాన్సరు తూలి, మోరి ఊదేవాడి ఒళ్ళో పడ్డాడు.

పడి, నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పిన్ని లెక్క ప్రకారం నాలుగు నెలల తరువాత.

ఆ రాత్రి మా స్నేహితుడి ఇంట్లో చాపమీద పడుకుని వాడు అడిగాడు.

"అన్నయ్యా, వాళ్ళందరిలో ఎవరు బాగా ఆడారంటావ్?"

"ఏమోరా, నువ్వే చెప్పాలి. డాన్సరువి."

"అదే తెలియడంలేదు. ఊరంతా ఆడుతుంటే చూసేవాళ్ళెవరు? చూసేవాళ్ళు లేకపోతే మార్కులెవరు వేస్తారు?"

ఆ మాటంటూనే నిద్రపోయాడు. నేనే మేలుకుని ఉన్నాను.

చెప్పు చక్రాల బండి

మర్నాడు ఊరంతా తిరిగాం. సినిమా వాళ్ళు "లొకేషన్" అంటారే, అలా కొండలూ మేఘాలూ చూడ్డానికి కాదు. మనుషులేం చేస్తున్నారో చూడ్డానికి.

ఒకింటి గోడకి ఎర్రమట్టి పూసి, కింద అంచుకి వేరే రంగు గీత లాగారు. పక్కింటి గీత ఇంకో రంగు. ఎందుకమ్మా అంటే, "ఊరికే, బాగుంటాదని" అంది ఇల్లాలు. ఓ ముసలాయన వెదురు ముక్క చెక్కుతూ కూర్చున్నాడు. పిల్లనగ్రోవి. అమ్ముతారా తాతా అంటే నా వంక వింతగా చూశాడు. మనవడికట. ఒకావిడ అడ్డాకులు చీపురుపుల్లల్తో కుట్టి విస్తళ్ళు చేస్తోంది. సంతకి పోయే సరుకే. కాని పక్కన ఆడుకునే కూతురి కోసం మధ్యమధ్య అరచేతంత విస్తరి ఒకటి కుట్టి పారేస్తోంది, బొమ్మలకి భోజనం పెట్టుకోమని.

ఓ పదేళ్ళ కుర్రాడు బండి చేస్తున్నాడు. తెగిపోయిన హవాయి చెప్పు గుండ్రంగా కోసి చక్రాలు, వెదురుపుల్ల ఇరుసు, పొడుగాటి కర్ర స్టీరింగు. మా వాడు వాడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. అర్ధగంటలో ఇద్దరూ రెండు బళ్ళు చేశారు. కుర్రాడు మా వాడి బండిని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"బాగుంది గాని హారను లేదు."

"నీ బండికుందా?"

కుర్రాడు పక్క చెట్టు ఆకొకటి తెంపి, మడిచి, పెదాల మధ్య పెట్టి ఊదాడు. పాడేరు ఘాటీలో లారీ కూడా పక్కకి తప్పుకునే హారను! మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే మా వాడు రాలేదు. ఆకు ఊదడం నేర్చుకుంటున్నాడు. సాయంత్రానికి ఒక్కసారి పలికింది. అది వచ్చి నాకు చెప్పినప్పుడు వాడి ముఖం చూడాలి... ఆడిషన్లో పాసైనవాడి ముఖం కూడా అలా ఉండదేమో.

తినడంలోనూ అంతే. మన్యంలో కొత్త పంట ఏది చేతికొచ్చినా ముందు పండగ, తరువాతే తిండి. కొర్రలు వస్తే కొర్రకొత్త, మామిడి వస్తే మామిడికొత్త. ఆ పండగ చెయ్యకుండా కాయ కొరకరు. ఏడాదికోసారి వచ్చే మామిడికాయకి కూడా సినిమా రిలీజులాగా తేదీ పెట్టి ఎదురుచూస్తారన్నమాట!

కష్టం లేక కాదు

ఇదంతా చదివి, "వాళ్ళకేం, కొండగాలి పీల్చుకుని ఆడుతూ పాడుతూ ఉంటారు" అనుకునేరు. అలా అనుకుంటే వాళ్ళకి అన్యాయం చేసినట్టే. రోడ్డు లేని ఊళ్ళనుంచి రోగిని, పురిటినొప్పుల మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. మలేరియా మన్యానికి పాత శత్రువు. పసుపు, చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుళ్ళు నెత్తిమీద పెట్టుకుని మైళ్ళు నడిచి సంతకొస్తే ధర పలికితే పలికినట్టు, లేకపోతే లేదు. వాళ్ళ సరుకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయినా సంతరోజు నడక తప్పలేదు. అంచేత కష్టం లేక ఆడడంలేదు వాళ్ళు. కష్టం ఎలాగూ ఉంది కాబట్టి ఆటని వదిలిపెట్టడంలేదు.

ఇంకో సంగతి. ఆ ఆట ఎల్లకాలం అలాగే ఉంటుందన్న భరోసా కూడా లేదు. మా స్నేహితుడు చెప్పాడు, చదువులకీ పనులకీ కుర్రకారు కిందికి దిగిపోతుంటే గొలుసు పొట్టిదవుతోందని. అరకులో టూరిస్టుల కోసం స్టేజి మీద థింసా పెడుతున్నారు. అందరికీ ఒకే రంగు చీర, ఇంత టైమని లెక్క. అలా ఆడి వచ్చిన ఓ అమ్మాయిని అడిగాను, ఎలా ఉంటుందమ్మా అని.

"అక్కడ ఆడితే డబ్బులొస్తాయి. ఇక్కడ ఆడితే నవ్వొస్తాది. రెండూ కావాలి బాబూ" అంది.

ఎంత సరిగ్గా చెప్పింది! స్టేజి తప్పని నేననను, వాళ్ళకి నాలుగు రూపాయలు రావాలి. కాని స్టేజి మీద గొలుసు తెగితే ఆగి నవ్వడానికి ఉండదు. అవ్వకీ, పదేళ్ళ పిల్లకీ, మా వాడిలాంటి చుట్టానికీ అక్కడ చోటుండదు. ఊళ్ళో బయలు ఖాళీ అయిపోయి స్టేజి ఒక్కటే మిగిలితే, ఆ ఆటని చూడొచ్చు. ఆడడం మాత్రం కుదరదు. పట్నాల్లో మనకి ఎప్పుడో జరిగిపోయింది ఇదే కదూ?

డాక్టర్లూ అదే అంటున్నారు

ఇదంతా నా కవిత్వం అనుకునేవాళ్ళ కోసం మూడు ముక్కలు శాస్త్రం.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 658 మంది యువతీ యువకులతో 13 రోజులు డైరీ రాయించారు. ఏ రోజు ఏం చేశారు, మనసెలా ఉంది అని. పెద్ద కళాఖండాలు కాదు. ఓ పాట కట్టడం, అల్లిక, కొత్త వంట, బొమ్మ వెయ్యడం లాంటివి. అలాంటి పని కాస్త ఎక్కువగా చేసిన రోజుకి మర్నాడు మనసు ఉత్సాహంగా, జీవితం నిండుగా ఉన్నట్టు తేలింది. బాగా చేశారా లేదా అన్న సంగతి కాదు, చేశారా లేదా అన్నదే లెక్క.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఇంకోటి ప్రకటించారు. బ్రెజిల్‌లో బడిపిల్లల చేత గుంపులుగా డాన్సు చేయించారు. తరువాత చేతికి రక్తపోటు పట్టీ బిగించి నొప్పి ఎంతవరకు ఓర్చుకుంటారో చూశారు. అందరూ ఒకే అడుగు వేసినవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు, తోటివాళ్ళకి ఎక్కువ దగ్గరయ్యారు కూడా. పక్కవాళ్ళ చెయ్యి వదలకు అని అవ్వ చెప్పింది దీన్నేగా! 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 900కి పైగా ప్రచురణలు పరిశీలించి ఓ నివేదిక ఇచ్చింది. దాని సారాంశం కూడా ఈ దారిలోనే ఉంది.

అలాగని ఆట అన్ని జబ్బులకీ మందు కాదు. నిద్ర పట్టక, మనసు కుంగిపోయి రోజులు గడుస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కాని డాక్టరిచ్చే మందుతో పాటు వేసుకోదగ్గ మందు ఇది. పైగా చేదు కాదు.

మన ఇంట్లో లేదా?

దీనికోసం అందరూ పెదబయలు పోనక్కరలేదు. ధనుర్మాసంలో మీ ఇంటి ముందు రోజుకో ముగ్గు వేస్తున్న మీ అమ్మగారిని అడగండి. తెల్లారితే తొక్కేస్తారని తెలిసీ ఎందుకు వేస్తావమ్మా అని. బొమ్మల కొలువులో అగ్గిపెట్టెలతో ఊరు కట్టే మీ చెల్లెల్ని చూడండి. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో ఎవరి గొంతు బాగుందో ఎవరు చూస్తారు? వామనగుంటలు, అచ్చనగాయలు, పెళ్ళిలో వియ్యాలవారిని ఏడిపించే పాటలు... ఇవన్నీ మన థింసాలే. పరీక్షలొచ్చాయని, పెద్దవాళ్ళమయ్యామని, నలుగురూ నవ్వుతారని మనమే ఒక్కొక్కటీ అటకెక్కించాం.

సినిమా మానమని నేననను. అంటే సంపాదకులు నన్ను మానిపిస్తారు! తప్పకుండా చూడండి, ఈల వేయండి. ఇంటికొచ్చాక నచ్చిన పాట మీ గొంతుతో ఒక్కసారి పాడుకోండి. శ్రుతి పోతే పోనివ్వండి. ఫోనులో తియ్యకండి, ఎవరికీ పంపకండి. అది మీకోసం.

పెదబయలు పోదలచుకున్నవాళ్ళకి ఓ మాట. పాడేరుదాకా బస్సులున్నాయి, అక్కడినుంచి బస్సో జీపో దొరుకుతుంది. చైత్రంలో పండగ, చలికాలం మొదట్లో కొండలనిండా పచ్చటి వలిసెపూలు. మత్స్యగెడ్డ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఎవరినైనా ఫోటో తీసేముందు అడగండి. వాళ్ళు మీ సినిమాలో జూనియర్ ఆర్టిస్టులు కారు. ఆటలోకి చెయ్యి పట్టుకు లాగితే మాత్రం బెట్టు చెయ్యకండి.

ఇంతకీ మా వాడి సంగతి అడుగుతారు. ఏ స్టారూ అయిపోలేదు. మా ఊళ్ళోనే ఒక ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తున్నాడు. ఆదివారం సాయంత్రం మా వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలూ, వాళ్ళ అమ్మలూ, ఒకరిద్దరు నాన్నలూ పోగవుతారు. మా వాడు డప్పు వాయిస్తాడు, అందరూ ఆడతారు. ఫీజు లేదు, డాన్సు క్లాసని బోర్డు లేదు. ఒక్కటే నిబంధన, అరుగుమీద కూర్చుని చూడకూడదు. ఆడిషన్ పిలుపొస్తే వెళ్తావా అని అడిగాను. "ఎందుకు వెళ్ళనూ! రాకపోతే ఆదివారం ఎలాగూ ఉందిగా" అన్నాడు.

పోయినవారం పిన్ని ఫోను చేసింది. కొడుకు మీద ఫిర్యాదు. పొద్దున ఎనిమిదైనా లేవడంలేదట, మొద్దునిద్రట. తిడుతూనే ఉంది గాని, ఆ గొంతులో ఎంత సంతోషముందో మీకు వినిపించలేకపోతున్నాను.